మర మొరాయిస్తే

కంప్యూటరు ముందు కూర్చుని బతికే మనవాళ్ళందరికీ ఒక అలవాటుంది. ఏదైనా పనిచెయ్యకపోతే ఇంకోసారి నొక్కుతాం. పేజీ రాలేదా, రిఫ్రెష్. బిల్డు ఫెయిలైందా, మళ్ళీ రన్. సర్వరు పడుకుందా, రీస్టార్టు. మూడోసారికి పనిచేస్తే "హమ్మయ్య" అనుకుని టికెట్టు మూసేసి టీ తాగడానికి పోతాం. ముందు ఎందుకు పనిచెయ్యలేదో తెలీదు, ఇప్పుడెందుకు పనిచేస్తోందో అంతకన్నా తెలీదు :). దీన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన పనిలో చాలావరకు అది చెల్లుతుంది. రెండోసారి నొక్కినంత మాత్రాన ఎవరి వేళ్ళూ తెగవు.

అది చెల్లని మరలు కొన్ని ఉన్నాయి. అలాంటి ఒక మర గురించి ఈ టపా. తూటాలు రీలోడు చేసే ప్రెస్సు. పేరు వినగానే కంగారు పడకండి, నేను మీరనుకునే టైపు కాదు. నేను దాన్ని ఫోనులో చూశానంతే.

అమెరికాలో గురి పోటీలకు వెళ్ళేవాళ్ళు చాలామంది తూటాలు కొనకుండా గరాజులో సొంతంగా తయారుచేసుకుంటారు. ఒక తూటా పేల్చాక నిజానికి ఖర్చయిపోయేవి మూడే. ముందుండే గుండు, లోపలి మందు, అడుగున ఉండే ప్రైమరు అనే బుల్లి మూత. ఇత్తడి గుల్ల అలాగే మిగులుతుంది. దాన్ని ఏరుకొచ్చి, తోమి, మళ్ళీ నింపుకుంటారు. అక్కడ అది చట్టబద్ధమైన సరదా. ఇక్కడ కాదు. మనదేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారుచెయ్యడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అక్కడ కూడా ఉద్యోగం వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడానికి, కొన్ని మినహాయింపులు తప్ప, చట్టం ఒప్పుకోదు. ఆన్‌సైటు వెళ్ళే తమ్ముళ్ళు గమనించగలరు.

మా మేనత్త కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. మాకంటే చాలా ముందు వెళ్ళాడు, సిటిజన్‌షిప్పు వచ్చి కూడా చాలా ఏళ్ళయింది. ఇండియాలో ఉన్నప్పుడు దీపావళికి కాకరపువ్వొత్తి కూడా దూరంగా పట్టుకునే మనిషి, అక్కడికెళ్ళాక శనివారం శనివారం గురి పోటీలకు పోతాడు. మనిషిని ఏ నేల ఎలా మారుస్తుందో చెప్పలేం. సరే, అది వేరే టపా.

నేను ఇంటి నుంచే పని కాబట్టి నెలలో సగం రోజులు సూళ్లూరుపేటలోనే ఉంటాను. ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి బావ వీడియో కాల్ చేశాడు. వాళ్ళకది శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. "రేయ్, నువ్వు ఇంజనీరువి కదా, ఇది చూడు" అని కెమేరా తిప్పాడు. నేను ఇంజనీర్నే, కానీ కంప్యూటర్ సైన్సు ఇంజనీర్ని. వర్కుషాపు ల్యాబులో ఆకురాయి పట్టింది ఫస్టియర్‌లో, అదీ రికార్డు సంతకం కోసం.

మర చూడ్డానికి ముచ్చటగా ఉంది. బల్లకి బిగించిన ఇనప దిమ్మ, పక్కన పొడుగాటి హ్యాండిలు. మధ్యలో ఒక గుండ్రటి పళ్ళెం. దాని అంచు చుట్టూ గాడులు. ఒక్కో గాడిలో ఒక్కో గుల్ల నిలబడుతుంది. హ్యాండిలు కిందికి లాగితే పళ్ళెం పైకి లేచి, గుల్లలన్నీ ఒకేసారి పైనున్న డైలలోకి దూరతాయి. మొదటి చోట గుల్ల కొలత సరిచేసి పాత ప్రైమరు ఊడగొడుతుంది. హ్యాండిలు తిరిగి వచ్చేటప్పుడు కొత్త ప్రైమరు ఎక్కుతుంది. తర్వాతి చోట కొలిచిన మందు పడుతుంది. ఆ తర్వాత గుండు కూర్చుంటుంది. చివర్లో మూతి నొక్కుతుంది. ప్రతి లాగుడుకీ పళ్ళెం ఒక గడి జరుగుతుంది, ఒక తూటా పూర్తయి డబ్బాలో పడుతుంది. మనం పైప్‌లైను అని పెద్ద పేరు పెట్టుకుని గొప్పలు పోయేది ఇదే. అక్కడ చెయ్యి, గేరు, స్ప్రింగు. అంతే తేడా.

సమస్య ఏమిటంటే, సాయంత్రం నుంచీ హ్యాండిలు బరువెక్కింది. పళ్ళెం గడి జరిగేటప్పుడు పూర్తిగా జరక్కుండా ఒక వెంట్రుకవాసి ముందే ఆగిపోతోంది. అప్పుడు గుల్ల సరిగ్గా డై కింద ఉండదు, అంచు తగులుతుంది. కాస్త గట్టిగా లాగితే "టక్" మని సర్దుకుంటోంది. మర్నాడు పొద్దున పోటీ. ఇంకా రెండొందలు చెయ్యాలి. "కొంచెం గట్టిగా లాగితే పోతోంది, కానీ చెయ్యి నొప్పెడుతోంది. ఆయిలు ఎక్కడ వెయ్యాలో చెప్పు" అన్నాడు.

పక్కనే నాన్న ఇడ్లీ తింటున్నాడు. మా నాన్నకి ముప్పై ఏళ్ళకు పైగా లేత్ షాపు. బోరు పంపులు, రైసు మిల్లు షాఫ్టులు, ట్రాక్టరు సామాన్లు. జీవితంలో తూటా చూసిన మనిషి కాదు. "టక్" మన్న శబ్దం విని తింటున్నవాడు తలెత్తాడు.

"ఏందిరా అది, ఇంకోసారి వినిపించు."

బావ వినిపించబోయాడు. అంతలో నాన్నకే ఏదో అనుమానం వచ్చింది. "ఆగు ఆగు. ఆ నిలువు గొట్టంలో ఏముండాది?"

"ప్రైమర్లు మామా. ఒక వంద ఉంటాయి."

"అంటే, దెబ్బ తగిల్తే పేలేయేనా?"

"అవును."

"అది నీ మొహానికి ఎంత దూరంలో ఉండాది?"

బావ మాట్లాడలేదు. కెమేరాలో చూస్తే మూర దూరం కూడా లేదు.

"ముందు మందంతా తీసెయ్ అబ్బయ్యా. ఆ గొట్టం తీసి అవతల పెట్టు. పళ్ళెంలో ఉన్నయన్నీ తీసెయ్. మర వట్టిదైనాక నాకు ఫోన్ చెయ్" అని ఇడ్లీ పళ్ళెంలోకి తల దించేశాడు. (మందు అంటే ఏదనుకున్నాడో అని బావ ఒక క్షణం తటపటాయించాడట. శుక్రవారం రాత్రి కదా :) )

నాకు ఇక్కడే మొదటి పాఠం తగిలింది. మనం డీబగ్గింగు మొదలుపెట్టేదే నడుస్తున్న సిస్టం మీద. లాగులు తిప్పుతూ, ఇంకోసారి రన్ చేస్తూ, కస్టమరు డేటా పారుతుండగానే వేలు పెడతాం. నాన్న అసలు రోగం ఏమిటో అడక్కముందే లోపలున్న శక్తిని బయటికి తీయించాడు. మోటారైతే ఫ్యూజు పీకించేవాడు. స్ప్రింగైతే వదులు చేయించేవాడు. తెలియని మర దగ్గర కూడా ఆయనకి తెలిసిన సంగతి అదొక్కటే, అదే సరిపోయింది.

పావుగంట తర్వాత బావ మళ్ళీ చేశాడు. ఈసారి వట్టి మర. నెమ్మదిగా హ్యాండిలు లాగమన్నాడు నాన్న. ఒక గడి, ఇంకో గడి. ఐదు గడుల్లో ఏ గడి దగ్గర బరువొస్తోందో చెప్పమన్నాడు. అన్నిచోట్లా వస్తోంది. అయితే డైల తప్పు కాదు, గుల్లల తప్పు కాదు. గుల్లకి నూనె సరిగ్గా రాయకపోతే మొదటి డైలోనే బిగుసుకుంటుంది, ప్రైమరు సరిగ్గా ఎక్కకపోతే ఆ ఒక్క చోటే బరువొస్తుంది. ఇది పళ్ళేనిదో, పళ్ళేన్ని తిప్పే దానిదో. మీరు గమనించారో లేదో, ఒక్క ప్రశ్నతో సగం మర పక్కకి తప్పుకుంది. మనం బైనరీ సెర్చ్ అని పరీక్షల్లో రాసి మర్చిపోతాం.

పళ్ళెం విప్పించాడు. కింద చూస్తే మందు పలుకులు, ఆవాల్లో సగం ఉన్నాయేమో, చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పళ్ళెం ప్రతి గడి దగ్గరా సరిగ్గా ఆగడానికి అడుగున ఒక చిన్న గుంటలో స్టీలు బంతి, దాని కింద స్ప్రింగు ఉంటాయి. ఆ గుంటలో కూడా పలుకులు దూరి బంతి సగంలోనే నిలబడిపోయింది. బావ మొహం వెలిగిపోయింది. బ్రష్షుతో తుడిచాడు, బంతి తీసి గుడ్డతో రుద్దాడు, మళ్ళీ బిగించాడు. హ్యాండిలు వెన్నలా దిగింది.

"దొరికింది మామా! థాంక్స్" అని ఫోను పెట్టేయబోయాడు.

"ఆ పొడి ఆడికెట్ట వచ్చింది?" అన్నాడు నాన్న.

"చిందుంటుందిలే మామా."

"నిన్నటిదాకా చిందనిది ఈరోజు ఎందుకు చిందింది?"

నిజం చెప్పొద్దూ, నేనైతే బావ పక్షమే. తుడిచాం, పనిచేస్తోంది, టైము పదిన్నర కావస్తోంది, మనిషి పొద్దున్నే లేవాలి. మన భాషలో చెప్పాలంటే టికెట్టు మూసెయ్యడానికి అన్ని అర్హతలూ ఉన్నాయి.

నాన్న పళ్ళెం అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ కదపమన్నాడు. కదిలింది. కెమేరాలో నాక్కూడా కనిపించింది. పళ్ళేన్ని నడిమధ్య పట్టి ఉంచే బోల్టు వదులైంది. బోల్టు వదులవకుండా పక్కనుంచి ఒక చిన్న గ్రబ్ స్క్రూ ఉంటుంది, అది ముందే వదులై ఉంది. వేల లాగుళ్ళ అదురుకి అది వదలడం మామూలే. ఇక జరిగిన కథ ఇది. గ్రబ్ స్క్రూ వదిలింది. బోల్టు వదులైంది. పళ్ళెం ఒక పక్కకి ఒరిగి, గడి దగ్గర మెత్తగా ఆగాల్సింది ఎగిరి ఆగింది. ఆ కుదుపుకి, అప్పుడే మందు పడి ఇంకా గుండు కూర్చోని గుల్లలోంచి నాలుగు పలుకులు బయటికి చిందాయి. అవి పళ్ళెం కిందికి దూరి పళ్ళేన్ని పట్టేశాయి. పట్టేస్తే బావ గట్టిగా లాగాడు. గట్టిగా లాగితే కుదుపు పెరిగింది. కుదుపు పెరిగితే ఇంకాస్త మందు చిందింది. తుడిచి వదిలేసుంటే ఇంకో యాభై తూటాలకి మళ్ళీ ఇదే కథ.

బోల్టుని పళ్ళెం కదలకుండా అయ్యేదాకా బిగించి, మళ్ళీ చిటికెడు వదలాలి. పళ్ళెం తేలిగ్గా తిరగాలి, కానీ ఊగకూడదు. ఆ చోటు దొరికాక గ్రబ్ స్క్రూ బిగించాలి. ఇది చెప్పడానికి నాన్నకి మాన్యువల్ అవసరం పడలేదు. తర్వాత బావ మాన్యువల్ తీసి చూస్తే అచ్చంగా అదే ఉందట.

అయిపోయిందా అంటే, అవలేదు. అసలు కష్టమైన ప్రశ్న నాన్న అప్పుడడిగాడు. "ఆ చిందిన మందు ఏ తూటాల్లోంచి చిందింది?"

డబ్బాలో ఆ సాయంత్రం చేసినవి నూట నలభై ఉన్నాయి. హ్యాండిలు ఎప్పటినుంచి బరువెక్కిందో బావకి గుర్తు లేదు. ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. తూటాలో మందు బాగా తగ్గితే లేదా అసలు లేకపోతే ప్రైమరు బలానికి గుండు గొట్టంలోకి వెళ్ళి మధ్యలో ఇరుక్కుంటుంది. శబ్దం చిన్నగా వస్తుంది. పోటీ హడావిడిలో అది గమనించకుండా ఇంకోసారి పేలిస్తే తుపాకీ గొట్టం చీలుతుంది, పట్టుకున్న చెయ్యి పోతుంది. దీనికి వ్యతిరేకంగా, హ్యాండిలు సగంలో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ లాగినప్పుడు ఒకే గుల్లలో మందు రెండుసార్లు పడే ప్రమాదం ఉంది. దాన్ని డబుల్ చార్జ్ అంటారు. అదింకా ఘోరం. రెండు రకాల తూటాలూ బయటికి చూస్తే ఒకేలా ఉంటాయి.

"తూకం వేసి ఏరేస్తా" అన్నాడు బావ. నాకూ అదే తోచింది, స్క్రిప్టు రాసి డేటా వెరిఫై చేసినట్టు. కానీ ఇత్తడి గుల్లల బరువుల్లోనే తేడాలుంటాయి. పిస్తోలు తూటాలో పడే మందు ఎంత కొంచెమంటే, గుల్లల తేడాల్లో మందు తేడా కలిసిపోతుంది. తేలిగ్గా ఉన్న తూటాలో మందు తగ్గిందా, గుల్లే పల్చనా అనేది తక్కెడ చెప్పలేదు. ఈ సంగతి చెప్పింది నాన్న కాదు, ఒక నిమిషం ఆలోచించి బావే చెప్పాడు. చెప్పి డబ్బా మూత పెట్టేశాడు.

మర్నాడు పోటీకి కొన్న తూటాలతో వెళ్ళాడు. ఆ వారమంతా రాత్రుళ్ళు కూర్చుని నూట నలభై తూటాలూ విప్పాడు. దానికో సుత్తిలాంటి పరికరం ఉంటుంది, తూటాని అందులో పెట్టి కొడితే ఆ ఊపుకి గుండు ఊడొస్తుంది. ఒక్కోటీ కొట్టి, మందు వేరే గిన్నెలో పోసి. మూడింటిలో మందు సగానికి తక్కువ ఉంది. నూట నలభైకి మూడు. ఫొటో పంపాడు. నాన్న చూసి ఏమీ అనలేదు, ఫోను నాకిచ్చేసి షాపుకి పోయాడు.

మా నాన్న ఏదో మహాజ్ఞాని అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆయనకి స్మార్టుఫోనులో ఫొటో ఫార్వర్డు చెయ్యడం ఇప్పటికీ రాదు. కానీ మా ఊళ్ళో పెరిగినవాళ్ళకి "ఆపెయ్" అనే మాట విచిత్రంగా అనిపించదు. ఎందుకో చెప్తాను.

సూళ్లూరుపేట అంటే చాలామందికి చెంగాళమ్మ గుడి, లేకపోతే పులికాట్ సరస్సుకొచ్చే ఫ్లెమింగోలు. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. మాకు మాత్రం అన్నిటికన్నా ముందు షార్. సరస్సు మీదుగా వేసిన రోడ్డు పట్టుకుని పోతే అవతల శ్రీహరికోట. రాకెట్టు ఎగిరిన రోజు ఊరంతా మేడల మీదే ఉంటుంది. కిటికీలు అదురుతాయి. చిన్నపిల్లలు కూడా కౌంట్‌డౌన్ అనే మాటని అమ్మ, అత్తలతో పాటే నేర్చుకుంటారు.

2013 ఆగస్టు 19, సోమవారం. నేను అప్పటికి స్కూలు పిల్లాణ్ణి. జీఎస్ఎల్‌వీ-డీ5 సాయంత్రం 4.50కి ఎగరాలి. అంతకుముందు 2010లో జీఎస్ఎల్‌వీ ఏప్రిల్లో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి, రెండుసార్లు విఫలమైంది. ఈసారి మన సొంత క్రయోజెనిక్ ఇంజను. దేశమంతా చూస్తోంది. ఎగరడానికి ఇంకా గంటా 14 నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. రెండో అంచెలో ఇంధనం కారుతోంది. ఆకాశంలోకి చూసి చూసి మెడ నొప్పెట్టి మేడ దిగాం. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత ఏం చేశారో పెద్దయ్యాక చదివితే తెలిసింది. కారిన చోట అతుకు వేసి మళ్ళీ నిలబెట్టలేదు. ఇంధనమంతా ఖాళీ చేశారు. రాకెట్టుని మొత్తం వెనక్కి, బిగించిన భవనంలోకే తీసుకెళ్ళారు. ట్యాంకు ఎందుకు పగిలిందని చూస్తే, అది చేసిన అల్యూమినియం మిశ్రమ లోహానికే ఒక గుణం ఉంది. లోపల ఒత్తిడి మిగిలిపోయి, కాలం గడిచేకొద్దీ తుప్పుతో కలిసి సన్నటి పగుళ్ళు వస్తాయి. అందుకని వేరే అల్యూమినియం మిశ్రమంతో కొత్త రెండో అంచె కట్టారు. పక్కన ఉండే నాలుగు స్ట్రాపాన్ బూస్టర్లని కూడా మార్చారు. 2014 జనవరి 5, ఆదివారం, సాయంత్రం 4.18కి ఎగిరింది. జీశాట్-14ని కక్ష్యలో పెట్టింది. మేడ మీద మా అవ్వ దండం పెట్టుకుంది, రాకెట్టుకో చెంగాళమ్మకో తెలీదు.

"ఆ పొడి ఆడికెట్ట వచ్చింది" అనే ప్రశ్న ఖరీదు అక్కడ నాలుగున్నర నెలలు.

ఆ ప్రశ్న వేసే తీరిక దొరకని రోజులూ అదే దీవిలో ఉన్నాయి. 1979 ఆగస్టు 10న మొట్టమొదటి ఎస్ఎల్‌వీ-3. ఎగరడానికి కొన్ని నిమిషాల ముందు రెండో అంచె నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు మూసుకోలేదు. మలినం అడ్డుపడి తెరుచుకునే ఉండిపోయింది. నైట్రిక్ ఆసిడ్ కారిపోతోంది. కంప్యూటరు ప్రయోగాన్ని ఆపింది. కారింది పోగా మిగిలింది సరిపోతుందని నిపుణులు లెక్కవేశారు. ముందుకే వెళ్ళారు. మొదటి అంచె బాగానే పనిచేసింది, రెండోది అదుపు తప్పింది, రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరుగా ఉన్న కలాం గారు ఈ కథని దాచుకోలేదు. తర్వాతి కాలంలో ఎన్నో సభల్లో ఆయనే చెప్పారు. కంప్యూటరు వద్దన్నా తానే ముందుకు నడిపించానని. 1980 జూలై 18న అదే ఎస్ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది.

గమనించండి, ఇక్కడ ఎవరూ తెలివితక్కువవాళ్ళు కారు. మిగిలింది సరిపోతుంది అనేది లెక్క వేసి చెప్పిన మాటే. బావ "కొంచెం గట్టిగా లాగితే పోతోంది" అన్నది కూడా ఒక రకంగా లెక్కే. తప్పల్లా ఏమిటంటే, కారడం ఎందుకు మొదలైందో తెలియకుండా ఎంత కారుతుందో లెక్కవెయ్యడం. కారణం తెలియని లీకు వేగం మారదని ఎవరు హామీ ఇచ్చారు?

2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2. 2.51కి ఎగరాలి. నేను వారాంతానికని వచ్చి ఆఫీసుకి డుమ్మా కొట్టి మరీ ఆగాను. రాష్ట్రపతి స్వయంగా శ్రీహరికోటలో కూర్చుని ఉన్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఆపేశారు. అప్పటికి ఇంధనాలు నింపడం కూడా అయిపోయింది. దేశ ప్రథమ పౌరుడు ఎదురుగా ఉండగా "ఈరోజు కాదండీ" అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. మన దగ్గర క్లయింటు వైపు నుంచి ఒక వైస్ ప్రెసిడెంటు కాల్‌లో ఉంటేనే రోల్‌బ్యాక్ అనే మాట నోట్లోంచి రాదు. వారం తిరిగేసరికి, జూలై 22న, మధ్యాహ్నం 2.43కి ఎగిరింది. ఈసారి ఆఫీసు క్యాంటీన్లో చూశాను.

ఆపడమే అన్నిటికీ మందు అని కూడా చెప్పలేను. ఆపాలంటే ముందు మర మొరాయించాలి కదా. 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 సక్రమంగా లేచింది, మొదటి రెండు అంచెలూ పనిచేశాయి, క్రయోజెనిక్ అంచె మండలేదు. హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తక్కువైంది. ఒక వాల్వులో మెత్తటి సీలు దెబ్బతిని లీకయిందని విచారణలో తేల్చారు. సీలు దెబ్బతినడానికి కారణమై ఉండగలవాటిలో మలినం కూడా ఒకటి. 1979 నుంచి 42 ఏళ్ళు. మళ్ళీ వాల్వే, మళ్ళీ మలినమేనేమో. హ్యాండిలు బరువెక్కి ముందే చెప్పడం అనేది ఒక రకంగా అదృష్టం.

ఇంకొకటి కూడా ఉంది, మా ఊళ్ళో గొంతు తగ్గించి మాట్లాడుకునేది. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలో ఘన ఇంధనం నింపిన ఒక సెగ్మెంటు అంటుకుంది. ఆరుగురు చనిపోయారు. నాకప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. ఆ రోజు నాన్న షాపు త్వరగా మూసేసి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవడం లీలగా గుర్తు. రాకెట్టు ఘన ఇంధనమూ తూటాలో మందూ ఒకటి కావు, పరిమాణం కూడా టన్నులకీ గ్రాములో చిన్న భాగానికీ ఉన్నంత తేడా. కానీ ఫోనులో "ముందు మందంతా తీసెయ్" అన్నప్పుడు ఆ గొంతు నాకు కొత్తగా అనిపించలేదు.

ఇక ఆఫీసు సంగతి. కంపెనీ పేరెందుకులెండి. ఒక బిల్లింగు జాబు ఉంది, రాత్రిపూట నడుస్తుంది. నెలకోసారో రెండుసార్లో పడిపోయేది. మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేలా ఎవరో ఎప్పుడో సెట్ చేసి పెట్టారు, మూడోసారికి పచ్చరంగు వచ్చేది. బావ తూటాలు విప్పుతున్న వారంలోనే అది మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. స్టాండప్‌లో "రీట్రైలో పాసయింది, నో ఇష్యూ" అన్నారు. నేను ఆ రీట్రై తీసేసి, జాబు పడిన చోట పడినట్టే ఉంచమన్నాను. మేనేజరు నన్ను చూసిన చూపు మీరు ఊహించుకోగలరు.

వాదించాను. రెండు రాత్రులు ఆపనిచ్చారు. రెండో రాత్రి పడింది, ఎక్కడ పడిందో అక్కడే ఉంచి చూశాం. పడిపోయిన ప్రయత్నం వట్టిగా పడిపోవడం లేదు. సగం ఫైలు పేమెంటు గేట్‌వేకి పంపించాకే పడిపోతోంది. మళ్ళీ లేచినప్పుడు మొత్తం ఫైలు మొదటినుంచి పంపిస్తోంది. అంటే ఆ సగంలో ఉన్న ఖాతాదారులకి రెండుసార్లు బిల్లు. కొన్నిటిని గేట్‌వే పట్టుకుని ఆపింది, కొన్ని దాటిపోయాయి. తూటాలో మందు రెండుసార్లు పడినా డబుల్ చార్జే, కార్డు మీద డబ్బు రెండుసార్లు గీకినా డబుల్ చార్జే. ఇంగ్లీషువాడు ఎంత పొదుపరో చూడండి, రెండింటికీ ఒకే మాట :)

ఆ తర్వాత వచ్చే ప్రశ్న మీకు తెలిసిందే. ఎప్పటినుంచి? ఏ నెల నుంచి? ఏ ఖాతాలు? లాగులు మూడు నెలలకు మించి దాచడం లేదు. నేను మొత్తం రెండేళ్ళ ఇన్వాయిసులూ గేట్‌వే లెక్కలతో ఒక్కోటీ సరిచూడాలన్నాను. శాంపిల్ తీసి చూద్దాం, వంద చూస్తే చాలదా అన్నారు. నూట నలభైకి మూడు అనే అంకె నా బుర్రలోంచి పోలేదు కాబట్టి చాలదన్నాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు మేనేజరు.

"జీఎస్ఎల్‌వీకి నాలుగున్నర నెలలు పట్టింది సార్."

నవ్వలేదు. ఆరు వారాలిచ్చాడు. ఇవాళ్టికి నాలుగో వారం నడుస్తోంది.